మా ఆయన చూసి కొన్న కారు

అరకులో మేమిద్దరం మిషన్ హైస్కూల్లో పనిచేసేవాళ్ళం. నేను ఏడో తరగతికి తెలుగూ సాంఘికశాస్త్రమూ చెప్పేదాన్ని. ఆయన హెడ్మాస్టరు. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ పిల్లల తప్పులు దిద్దుతూ వచ్చిన మనిషి, తన తప్పు దిద్దే ధైర్యం ఎవరికీ ఇవ్వని మనిషి. అలాంటివాడు సెకండ్ హేండ్ కారు కొనబోతే ఏమవుతుందో నేను ముందే ఊహించి ఉండాల్సింది.

ఇదంతా డెబ్బైల మధ్యలో జరిగింది. మా క్వార్టర్ల పక్కన కాఫీ తోటల ఆఫీసరు ఒకాయన కొత్తగా దిగాడు. ఆయనకు సర్కారువారి జీపుండేది. ఒక శుక్రవారం మేం సంత నుంచి ఒక్క గొడుగు కింద వస్తుంటే ఆ జీపు మా పక్కన ఆగింది. లోపల ఆఫీసరు భార్య, ఆవిడ ఒళ్ళో కాబేజీలు. "ఎక్కండి మాస్టారూ, తడుస్తున్నారు" అన్నాడాయన మంచిగానే. "మాకు నడవడం ఇష్టమండీ" అన్నారు మా ఆయన. నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. రెండు మైళ్ళు ఇష్టంగా తడిశాను. ఇంటికొచ్చి తల తుడుచుకుంటూ ఆయన, "మనం కారు కొంటున్నాం" అన్నారు. నాకు తుమ్ములొస్తూ ఉండటం వల్ల అడ్డు చెప్పలేకపోయాను.

కొత్త కారు మా ఊహకు కూడా అందదు కాబట్టి పాతదే కొనాలి. మంచీచెడ్డా చూడ్డానికి తెలిసినవాడు కావాలి. ఆయన తమ్ముడికి విజయనగరంలో రేడియోలు బాగుచేసే కొట్టుంది. మా మరిదికి కారు నడపడం వచ్చు, లైసెన్సు కూడా ఉంది. "రేడియో విప్పినవాడికి కారెంత?" అన్నారు ఈయన. ఆ లెక్కన టార్చిలైటు బాగుచేసేవాడు రైలింజను కూడా చూడొచ్చు. ఆ మాట నేను పైకి అనలేదు.

ఎస్.కోటలో ఒక రైసుమిల్లు యజమాని కారు అమ్ముతున్నాడని తెలిసింది. శనివారం పొద్దున్నే బస్సులో కొండ దిగాం. మా మరిది విజయనగరం నుంచి నేరుగా మిల్లుకే వచ్చాడు. మా ఆయన రాత్రంతా కూర్చుని స్కూలు కాగితం మీద పదహారు ప్రశ్నలు రాసుకున్నారు. పరీక్ష పేపరులాగే ఎడంపక్క గీత, వరస నంబర్లు.

కారు మిల్లు ఆవరణలో రేకుల షెడ్డు కింద ఉంది. లారీల్లోకి బస్తాలు ఎక్కించడానికి కట్టిన ఏటవాలు మీద, ముక్కు కిందకి పెట్టి నిలబెట్టారు. బూడిద రంగు, అద్దంలా మెరుస్తోంది. వెనక కిటికీలకు లేసు కుచ్చుల తెరలు. ముందు అద్దం దగ్గర చిన్న గాజు కూజాలో ప్లాస్టిక్ గులాబీలు.

"ఇంక సూసుకోండి మాస్టారూ, మా ఇంట్లో మనిషిలాగ పెంచినాం దీన్ని" అన్నాడు యజమాని. భారీ మనిషి, తెల్ల లాల్చీ, నవ్వితే కళ్ళు కనబడవు. "నాలుగు రోజులై కదపనేదు. కదిపితే పెళ్ళికో గుడికో, అంతే."

మా ఆయన కాగితం తీశారు. రంగు ఎప్పుడు వేయించారు అన్నది మొదటి ప్రశ్న.

"మొన్ననేనండి. మీలాటోళ్ళు వత్తారని."

ఆ జవాబు దగ్గరే మేం బస్సెక్కి వెనక్కి వచ్చేయాల్సింది. ఆయన మాత్రం సంతృప్తిగా టిక్కు పెట్టారు. సీట్లు ఎవరు కుట్టారు, హారన్ ఎంత దూరం వినిపిస్తుంది, డిక్కీలో ఎన్ని పెట్టెలు పడతాయి, ముందు ఎంతమంది చేతులు మారింది. ఇలా పదహారూ అడిగారు. నాలుగు తలుపులూ ఒక్కొక్కటే తీసి, వేసి, కళ్ళు మూసుకుని ఆ చప్పుడు విన్నారు. ఒక్కో టైరునూ కాలితో తన్నారు. ఆ తరవాత నా జీవితంలో ఎంతోమంది మగవాళ్ళు పాత బండి చుట్టూ తిరుగుతూ టైర్లు తన్నడం చూశాను. టైరు వాళ్ళ కాలికి ఏ కబురు చెబుతుందో ఇప్పటికీ నాకు తెలియదు. మా మరిది బోనెట్ ఎత్తి, నూతిలో పడ్డ చెంబును వెతుకుతున్నట్టు చాలాసేపు వంగి చూశాడు. చివరికి తలెత్తి, "వైరింగ్ బాగుంది అన్నయ్యా" అన్నాడు. అందులో అతనికి తెలిసింది అదొక్కటే.

నేను ఊరికే ఆ బోనెట్ మీద చెయ్యి వేశాను. వేడిగా ఉంది. కాఫీ గిన్నె దించాక పొయ్యి గట్టు ఉండేంత వేడి.

"నాలుగు రోజులై కదపలేదన్నారు కదండీ. ఇది వేడిగా ఉందేం?" అని అడిగాను.

"ఎండ తల్లీ" అన్నాడు యజమాని.

మేమంతా షెడ్డులో నీడన నిలబడి ఉన్నాం. మా ఆయన నా వంక చూశారు. పరీక్ష హాల్లో పక్కవాడితో మాట్లాడిన పిల్లను చూసే చూపు అది. నేను ఊరుకున్నాను.

అన్నీ ఆయన మీదే తోసేస్తే అబద్ధమవుతుంది. నేను ఊరుకున్నది భయం వల్ల కాదు. అప్పటికే ఒకసారి వెనక సీట్లో కూర్చుని, లేసు తెర పక్కకి జరిపి చూసుకున్నాను. ఆదివారం చర్చి ముందు ఆ తెర జరిపి దిగడం, ఆఫీసరు భార్య చూడటం, అన్నీ కళ్ళ ముందు అయిపోయాయి. ఆ కుచ్చులే నా నోరు నొక్కాయి.

మిల్లు డ్రైవరు బ్రేకు వదిలితే కారు ఏటవాలు మీద నుంచి జర్రున జారి, ఆ జారుడులోనే ఇంజను అందుకుంది. సెల్ఫు కొట్టాల్సిన పనే పడలేదు. అదొక విశేషంగా మెచ్చుకున్నాం. రైల్వే గేటు దాకా, నేల చదునుగా ఉన్న రోడ్డు మీద, తీసుకెళ్ళి తీసుకొచ్చాడు. మెత్తగా నడిచింది. బేరం అయిపోయింది. యజమాని మాకు కాఫీ ఇచ్చి, కూజాలో గులాబీలు కూడా మాకే ఉంచేశాడు.

కొండ మొదట్లో ఉన్న బొడ్డవర దాకా కారు రాజాలా వచ్చింది. మరిది నడుపుతున్నాడు, ఈయన పక్కన కూర్చుని మలుపులకు చెయ్యి చూపిస్తున్నారు. ఘాట్ రోడ్డు మొదలైన మూడో మలుపులో మాడు వాసన వచ్చింది. "అడవిలో ఎవరో పోడు కాలుస్తున్నారు" అన్నారీయన. నాలుగో మలుపులో బోనెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. పోడు మా కారులోనే కాలుతోందని అప్పుడు తెలిసింది. బండి ఆగింది. ఆగి ఊరుకోలేదు, మెల్లగా వెనక్కి జారడం మొదలెట్టింది.

"రాయి పెట్టు, రాయి" అన్నారు.

బేరానికని కట్టుకున్న పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని, కిందకి దూకి, రోడ్డు పక్క రాయి తెచ్చి చక్రం వెనక పెట్టాను. సాంఘికశాస్త్రం చెప్పే మనిషికి ఆ పని ఎవరూ నేర్పరు. దానంతట అదే వస్తుంది.

వాగులోంచి నీళ్ళు తేవాలి. గిన్నె లేదు. పులిహోర తెచ్చుకున్న టిఫిన్ కేరియరు ఖాళీ చేసి, మూడు గిన్నెలతో నేనూ మరిదీ నీళ్ళు మోశాం. రేడియేటర్ చల్లబడేదాకా కూర్చోవడం, పోయడం, బయల్దేరడం, రెండు మలుపులు ఎక్కడం, మళ్ళీ రాయి. ఒకసారి కాలికింద పరిచిన కొత్త రబ్బరు చాప పక్కకు జరిగితే, దానికింద రేకు తుప్పుపట్టి అరచేతి వెడల్పున రోడ్డు కనిపించింది. చాప మళ్ళీ సర్దేశాను. కనిపించకపోతే కొంత ధైర్యంగా ఉంటుంది.

కింద సంత చేసుకుని తలమీద బుట్టలతో ఐదారుగురు కొండ ఆడవాళ్ళు మమ్మల్ని దాటి వెళ్ళారు. మేం రెండు మలుపులు ఎక్కి వాళ్ళను దాటాం. మేం ఆగితే వాళ్ళు మళ్ళీ దాటారు. మూడోసారికి వాళ్ళు నవ్వు దాచుకోవడం మానేశారు. వాళ్ళలో పెద్దామె బుట్ట దించి కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి నాతో అంది.

"అమ్మా, ఈ బండి ఎక్కదు. మాతోటి నడు. పొద్దుండగా ఎల్లిపోదాం."

నేను మా ఆయన వంక చూశాను. "మర్యాదగా ఉండదు" అన్నారు. రాళ్ళు పెడుతున్నప్పుడు లేని మర్యాద ఇప్పుడెక్కడ నుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. వాళ్ళతో నడిచాను. పై మలుపు దగ్గర కల్వర్టు మీద కూర్చుంటే ఉడికించిన కర్రపెండలం ముక్క చేతిలో పెట్టింది ఆ పెద్దామె.

"నీ మొగుడు దీన్ని ఏటి సూసి కొన్నాడు?"

"రంగు బాగుందని."

"ఎద్దుని కొంటే పళ్ళు సూత్తాం. ఎత్తు మీద నడిపించి సూత్తాం. రంగు సూసి కొంటారేటి?" అంది. తక్కినవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. కర్రపెండలం చాలా రుచిగా ఉంది. కింద మలుపులో మా ఆయన గిన్నె పట్టుకుని వాగువైపు దిగుతూ కనిపించారు.

కారు ఎలాగో ఆ కల్వర్టు దాకా ఎక్కి నా దగ్గరే నిలిచిపోయింది. సాయంత్రం బస్సు వచ్చి దాని వెనక ఆగింది. డ్రైవరు ఆ ఘాటీ మీద ఏళ్ళ తరబడి బస్సు నడుపుతున్నవాడు, మాకు తెలిసినవాడు. అతను దిగాడు. అతని వెనక బస్సులోవాళ్ళంతా దిగారు. అందులో నా తరగతి పిల్లల తల్లిదండ్రులే నలుగురున్నారు.

డ్రైవరు గుడ్డ వేసి రేడియేటర్ మూత తీసి, లోపల వేలు పెట్టి, ఆ వేలు ఈయనకు చూపించాడు. వేలికి నూనె జిడ్డు.

"సూసుకొనే కొన్నారా మాస్టారూ?"

"పదహారు ప్రశ్నలు అడిగాను" అన్నారీయన.

"అడిగితే బండి సెప్పదండి, అమ్మేవోడు సెప్తాడు." అతని గొంతులో వెటకారం లేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది. "బండిని సల్లగా ఉన్నప్పుడు సూడాల. పొద్దుటే, ఎవులూ ముట్టుకోకముందు. మీరే సెల్ఫు కొట్టాల. ముందే వేడిసేసి ఉంచినారంటే సలిలో లెగనిదని తెలుసుకోవాల. నీళ్ళలో నూని తెట్టు కడితే లోపల గాస్కెట్ పోనాదన్నమాట. పొగ సూడాల. నీలంగా వత్తే ఇంజను నూని తాగేత్తంది. కింద పరిచిన సాపలు తీసి సూడాల. బుక్కులో నంబరూ ఇంజను మీద నంబరూ ఒకటో కాదో సూడాల. అన్నిటికన్నా ముందు, మనిసుల్ని నింపుకొని ఎత్తు ఎక్కించి, నడిమద్దెలో ఆపి, మళ్ళా లాగించి సూడాల. అక్కడ క్లచ్చి జారితే ఇంక మాటాడకుండా దిగి వచ్చీడమే."

అప్పుడు మా ఆయన ఒక పని చేశారు. జేబులోంచి ఆ పదహారు ప్రశ్నల కాగితం తీసి, వెనక్కి తిప్పి, కారు మీద ఆనించి, అంతమంది చూస్తుండగా డ్రైవరు చెప్పింది రాసుకోవడం మొదలెట్టారు. "క్లచ్ తరవాత ఏమన్నారు?" అని మళ్ళీ అడిగి మరీ రాసుకున్నారు. మా పెళ్ళయ్యాక ఆయన డిక్టేషన్ తీసుకోవడం నేను చూసింది అదొక్కసారే. ఆ క్షణం ఆయన మీద కోపం సగం పోయింది. పోయిన ఆ సగం, అరకు దాకా బస్సులో నిలబడి రావడంతో తిరిగి వచ్చింది.

కారుకు కాపలాగా మరిదిని వదిలేశాం. మర్నాడు కలప లారీ ఒకటి తాడు కట్టి దాన్ని ఈడ్చుకొచ్చింది. మేం చర్చి నుంచి నడిచి వస్తున్న వేళకే మా కారు లారీ వెనక వేలాడుతూ మా పక్కనుంచి వెళ్ళింది. ఆఫీసరు భార్య చూసింది.

మరుసటి శనివారం మళ్ళీ మిల్లుకు వెళ్ళాం. యజమాని ఏమీ నొచ్చుకోలేదు. కుర్చీలు వేయించి, కాఫీ తెప్పించి, మా ఆయన చెప్పిందంతా తల ఊపుతూ విన్నాడు.

"మాస్టారూ, మీరు పదారు అడిగినారు. పదారుకీ నాను నిజమే సెప్పినాను. రంగు మొన్న యేసినామన్నాను. హారను అరమైలు ఇనిపిత్తాదన్నాను, ఇనిపించనేదా? ఎత్తెక్కుద్దా అని మీరు అడగనేదు. అడిగుంటే ఎక్కదనే సెప్పుదును."

ప్రశ్న సరిగ్గా చదివి జవాబు రాయమని ఇరవై ఏళ్ళు పిల్లలకు చెప్పినవాడికి, ప్రశ్నే సరిగ్గా లేదని ఒక మిల్లు యజమాని చెబుతున్నాడు.

"వేడిగా ఉందేమని నేనడిగానండి" అన్నాను.

యజమాని నావైపు తిరిగాడు. మొదటిసారి కళ్ళు తెరిచి చూశాడు. "మీరు అడిగినారమ్మా. నిజమే. ఇంకొక్క మాట అడిగుంటే నాను దొరికిపోదును. మాస్టారే మిమ్మల్ని ఆపీసినారు."

తిరుగు బస్సులో అనంతగిరి దాటాక మా ఆయన, "నువ్వు కాస్త గట్టిగా అడగాల్సింది" అన్నారు.

ఆ వేసవి సెలవులంతా ఆయన కారు కిందే గడిపారు. మెకానిక్కును రప్పించి, వాడు విప్పుతుంటే పక్కన పడుకుని ప్రతి భాగం పేరూ పనీ అడిగి నేర్చుకున్నారు. భోజనానికి పిలిస్తే కారు కింద నుంచి రెండు కాళ్ళే జవాబు చెప్పేవి. స్కూళ్ళు తెరిచేసరికి ఆయన నిజంగానే బండ్లు తెలిసిన మనిషి అయ్యారు. కారు మాత్రం కారులాగే ఉంది. దిగుడులో వెళ్ళేది, ఎగుడులో ఆగేది. అరకులో ఎక్కడికి వెళ్ళాలన్నా రెండూ ఉంటాయి.

ఈయనకు తెలుసన్న సంగతి పాకింది. బండి కొనబోయేవాళ్ళంతా మా ఇంటికి రావడం మొదలెట్టారు. మా చర్చి పాస్టరు అయ్యగారు కూడా వచ్చారు. పాడేరువైపు కాంట్రాక్టరు దగ్గర ఒక జీపు ఉంది, సువార్త పనికి కావాలి, చూసిపెట్టమన్నారు. ఈయన తెల్లారకముందే వెళ్ళి, చల్లటి ఇంజను మీద సెల్ఫు కొట్టి, పొగ చూసి, నూనె చూసి, కింద దూరి, ఎత్తెక్కించి, నడిమధ్యలో ఆపి, మొత్తం తప్పులు రెండు పేజీలు రాసి తెచ్చారు. అయ్యగారు ఓపిగ్గా విన్నారు.

"అన్నీ నిజమే మాస్టారూ. కానీ ఇది దేవుని పనికి కదా. ఆయనే నడిపిస్తాడు" అని కొనేశారు.

నెల తిరక్కుండా దేవుడు నడిపించడం మానేశాడు. ఆ జీపు చర్చి గోడ పక్కన నిలబడిపోయింది, దాని సీటు కింద కోడి గుడ్లు పెట్టింది. ఏడాదిపాటు మా ఆయన కలిసిన ప్రతివాడికీ "నేను చెప్పలేదా" అని చెప్పారు. అలా ఎంతోమంది వచ్చారు. ఒక్కడూ ఆయన మాట విని బండి వదులుకోలేదు. వాళ్ళు మా ఇంటికి వచ్చేసరికే మనసులో కొనేసి ఉండేవారు. ఎవరో ఒకరు బాగుందంటే చాలు, వెళ్ళి తెచ్చుకునేవారు. ఈయన బాగోలేదంటే మొహం ముడుచుకుని, మరొకణ్ణి అడగడానికి వెళ్ళేవారు.

చివరికి మా కారు మేం అమ్మాల్సి వచ్చింది. అప్పటికి మా ఆయనకు నిజాయితీ జ్వరంలా పట్టుకుంది. మొదట వచ్చిన టీచరును కూర్చోబెట్టి, కారులో ఉన్న లోపాలన్నీ వరసగా చదివి వినిపించారు. అతను నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. తరవాత ఒక కిరాణా వ్యాపారి వచ్చాడు. జాబితా అంతా విని, వీధిలో తన మనిషితో అంటుంటే నాకు వినిపించింది. "ఇన్ని సెప్పినాడంటే అసలుది దాసీసుంటాడు. మనకొద్దు పద." మిల్లు యజమాని ఒక్క లోపం చెప్పకుండా అమ్మేశాడు. మేం అన్నీ చెప్పి ఒక్కడికీ అమ్మలేకపోయాం.

దాన్ని చివరికి కొన్నది ఫొటోలు తీసే ఒక కుర్రాడు. స్టేషను దగ్గర కొత్తగా స్టూడియో పెట్టాడు. విశాఖ నుంచి రైల్లో వచ్చేవాళ్ళకు, కొత్తగా పెళ్ళయినవాళ్ళకు కొండలు వెనక వచ్చేలా ఫొటోలు తీసేవాడు. మా ఆయన కాగితం తీయబోతే, "అయ్యేటీ వద్దండి" అని చెయ్యి అడ్డం పెట్టాడు. కారును ఎండలో తిప్పి నిలబెట్టమన్నాడు. నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, ఒక కన్ను మూసి చూసి, "సాలు" అన్నాడు. ఇంజను గురించి ఈయన ఎంత చెప్పబోయినా వినలేదు. దాన్ని తోసుకుంటూనే తీసుకెళ్ళి స్టూడియో ముందు నిలబెట్టాడు. దానికి ఆనుకుని నిలబడి కొన్నేళ్ళపాటు ఎన్ని జంటలు నవ్వాయో లెక్కలేదు. మా దగ్గర ఉన్నన్నాళ్ళూ అది అంతమందిని సంతోషపెట్టలేదు.

ఒకరోజు ఆ దారిన వెళుతుంటే ఆ కుర్రాడు మమ్మల్ని కూడా పిలిచి, ఊరికే ఒకటి తీస్తానని నిలబెట్టాడు. ఆ ఫొటో ఇప్పటికీ మా ముందుగది గోడ మీద ఉంది. ఆయన సూటూ, నేను నల్లంచు చీరా, వెనక కారూ, దాని వెనక మంచు పట్టిన కొండ. వచ్చిన చుట్టాలు చూసి, "ఆ రోజుల్లోనే కారులో బాగా తిరిగారన్నమాట" అంటారు. మా ఆయన కాదనరు. నేను కాఫీ తేవడానికి లోపలికి వెళతాను.